వాసన పోయిన ధనియము సగము మందే

ధనియాల డబ్బా లేని వంటిల్లు తెలుగునాట కానరాదు. చారులో, సాంబారులో, సంబారు కారములో నిత్యము వాడబడుచున్న ఈ దినుసు ఔషధము కూడ అని అందరును ఎరుగుదురు. అయినను ఆ ఔషధగుణము గింజలో ఎక్కడ ఉన్నదో, ఎట్లు నిలుచునో, ఎట్లు పోవునో విచారించువారు తక్కువ. ఈ వ్యాసములో నేను చెప్పదలచినది ఒక్క మాట. ధనియములోని పరిమళము అలంకారము కాదు. అది మందులో ముఖ్యమైన భాగము. దానిని పోగొట్టుకొని పిప్పిని వాడుచు, గుణము కనిపించలేదని శాస్త్రమును నిందించుట ఒక పొరపాటు. దానిని సీసాలో పోసి సర్వరోగ నివారిణి అని అమ్ముట, కొనుట రెండవ పొరపాటు. ఈ రెండును నేడు మన మధ్యతరగతి ఇండ్లలో జరుగుచున్నవి గనుకనే ఈ విషయమును పాఠకుల ఎదుట పెట్టుచున్నాను.

మన నల్లరేగడి పైరు

గుంటూరు పేరు వినగానే దేశమంతటికి మిరప గుర్తుకు వచ్చును, తరువాత ప్రత్తి. కాని మా ప్రాంతపు నల్లరేగడి భూములలో మూడవ సంపద ఒకటి కలదు. వానలు వెనుకబడిన తరువాత నేలలో మిగిలిన చెమ్మతోనే ధనియాలు పండించుట గుంటూరు, ప్రకాశం రైతులకు వాడుక. అక్టోబరు, నవంబరు నెలలలో విత్తిన పైరు మంచుకాలములో పెరిగి, సంక్రాంతి దాటిన తరువాత కోతకు వచ్చును. గుంటూరు చేరువనున్న లాం పరిశోధన క్షేత్రము మిరప రకములకు పేరు పొందినట్లే ధనియాలకును పేరు పొందినది. సాధన, స్వాతి, సింధు, సుధ అను రకములు అక్కడివే. 2022లో జిల్లాలు పునర్విభజన పొంది పల్నాడు, బాపట్ల జిల్లాలు వేరుపడినవి గాని నేల మారలేదు, పైరు మారలేదు.

గంధము పృథివీ భూతము యొక్క గుణమని మన తార్కికులు నిర్ణయించిరి. నా చిన్ననాట గురుకులములో ద్రవ్యపరిచయము వాసనతోనే మొదలయ్యెడిది. గురువుగారు మా కండ్లకు ఉత్తరీయము కట్టి, అరచేతిలో నలిపిన గింజనో వేరునో ముక్కుకు తాకించి పేరు చెప్పుమనెడివారు. పేరు చెప్పిన తరువాత మరొక ప్రశ్న అడిగెడివారు: "ఇది కొత్తదా, పాతదా?" మొదటి ప్రశ్నకన్న రెండవదే కష్టము. రోగి ఆరోగ్యము ఆ రెండవ ప్రశ్నమీదనే ఆధారపడి ఉన్నదని వైద్యము చేయ మొదలుపెట్టిన తరువాత తెలియును.

గింజలోని సుగంధ ద్రవ్యము

ధనియాలను ఆవిరితో బట్టీ పట్టినచో కొద్దిపాటి సుగంధ తైలము దిగును. ఆ తైలములో నూటికి 60 నుండి 80 పాళ్ళ వరకు ఉండు పదార్థమునకు రసాయన శాస్త్రజ్ఞులు లినలూల్ అని పేరు పెట్టిరి. మెక్సికో దేశపు లినలో అను సుగంధపు చెట్టును బట్టి ఈ పేరు వచ్చినది. 10 కర్బన పరమాణువులు, 18 ఉదజని పరమాణువులు, ఒక ప్రాణవాయు పరమాణువు కలిసి ఏర్పడిన పదార్థమిది. మల్లెపూవు పరిమళములో ఇది కలదు. సబ్జా గింజల నిచ్చు రుద్రజడ ఆకులో కలదు. పాశ్చాత్యులు నిద్ర కొరకు దిండ్లలో నింపుకొను లావెండరు పూలలోను కలదు.

ఇక పరిమాణము సంగతి. మన దేశపు ధనియము గింజ పెద్దది, తైలము తక్కువ. నూరు గ్రాముల గింజలకు సాధారణముగా అర గ్రాముకు లోపే దిగును. ఐరోపా, రష్యా ప్రాంతములలో పండు చిన్న గింజలలో గ్రాముకు మించి దిగును. అనగా మన గింజలో పరిమళము మొదటినుండియు స్వల్పమే. నూరు గ్రాములలో అర గ్రాము ఎగిరిపోయినచో త్రాసు చెప్పలేదు, కన్ను చెప్పలేదు. ముక్కు ఒక్కటే చెప్పగలదు.

పురుగులకును ఇదే భాష

ఈ పరిమళమును ప్రకృతి మన చారు కొరకు సృష్టించినదని అనుకొనరాదు. మొక్కలకు, పురుగులకు నడుమ ఇది వార్తలు మోయు దూత. ఐరోపాలో నేలలో బొరియలు చేసికొని ఒంటరిగా బ్రతుకు ఒక తేనెటీగ జాతిలో ఆడుది ఈ లినలూల్‌నే వెదజల్లి మగదానిని రప్పించునని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. మొక్క తయారుచేయు పదార్థమునే పురుగు కూడ తన దేహములో తయారుచేయుట గమనింపదగిన విశేషము.

మన ప్రత్తి చేనునకు సంబంధించిన విశేషము ఇంకను గొప్పది. 1990ల దశకములో అమెరికా ఫ్లోరిడా రాష్ట్రములోని గెయిన్స్‌విల్ వ్యవసాయ పరిశోధనాలయమువారు లద్దెపురుగు కొరుకుచున్న ప్రత్తి మొక్కలను గాజు గదులలో ఉంచి, వాటినుండి వచ్చు గాలిని పరీక్షించిరి. పురుగు కొరికినప్పుడు మొక్క కొన్ని వాసనలను కొత్తగా తయారుచేసి విడుచుచున్నదని, వాటిలో లినలూల్ ఒకటి అని తేలినది. కొరికిన ఆకు మాత్రమే కాదు, అదే మొక్కపై కొరకని ఆకులు కూడ ఆ వాసనను విడుచును. ఇటువంటి వాసనల జాడ పట్టుకొని చిన్న కందిరీగలు వచ్చి లద్దెపురుగు శరీరములో గ్రుడ్లు పెట్టి దానిని నశింపజేయును. ఆపదలో మొక్క పెట్టు కేక అది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు 1980ల చివర మా గుంటూరు, ప్రకాశం ప్రత్తి పొలములు గుర్తుకు వచ్చినవి. తెల్లదోమ విజృంభించి, రైతులు మందుపై మందు కొట్టి, అప్పులపాలై, కొందరు ప్రాణములనే తీసికొన్న రోజులవి. 2021లో మిరప తోటలపై నల్ల తామరపురుగు పడినప్పుడు మరల అటువంటి ఆర్తినే చూచితిమి. మొక్క కేక వేయుచునే ఉన్నది. వినవలసిన కందిరీగను మాత్రము మన పిచికారీ ముందే చంపుచున్నది. పురుగుమందే వద్దని రైతుకు చెప్పుటకు నేను వ్యవసాయ శాస్త్రజ్ఞుడను కాను. వాసన అనునది పనిలేని వస్తువు కాదని, దానికొక ప్రయోజనము, ఒక పరిమితి ఉన్నవని చెప్పుటకే ఈ ఉదాహరణము. ఒక ఈగను పిలుచు ఈ లినలూలే మోతాదు పెరిగినచో అనేక కీటకముల నాడులను చెరచి చంపును. ఔషధమునకు, విషమునకు మాత్రయే భేదమని మన పెద్దలు చెప్పినది పురుగుల లోకములోను నిజమే.

పచ్చి ధనియము విషయములో మరొక వింత కలదు. గింజ ముదరక మునుపు మొక్కను నలిపినచో వచ్చు ఘాటైన వాసన కొందరికి గిట్టదు. గ్రీకు భాషలో నల్లికి గల పేరునుండియే ఈ మొక్క ఆంగ్ల నామము పుట్టినదని నిఘంటుకారులు చెప్పుదురు. ఇది ఎగతాళి మాట కాదు. పచ్చి మొక్కకు ఆ వాసన నిచ్చునవి ఆల్డిహైడ్లు అను పదార్థములు. ముట్టుకొన్నంతనే కంపు కొట్టు నల్లిజాతి పురుగులు విడుచునవి కూడ ఆ కుటుంబమువే. గింజ పండుకొలది ఆ ఆల్డిహైడ్లు తగ్గి లినలూల్ పెరుగును. కంపు పోయి కమ్మదనము వచ్చును. కనుక తొందరపడి పచ్చిమీద కోసిన ధనియములో మందు ఇంకను తయారు కాలేదని ముక్కే చెప్పుచున్నది.

శాస్త్రము ఏమి చెప్పినది?

చరకాచార్యులు సూత్రస్థానములో 50 మహాకషాయములను చెప్పుచు, ఒక్కొక్కదానిలో పదేసి ద్రవ్యములను కూర్చిరి. వాటిలో దప్పికను అణచు తృష్ణానిగ్రహణ వర్గములో ధాన్యకము ఉన్నది. చలిని పోగొట్టు శీతప్రశమన వర్గములోను ఉన్నది. ఎండకు, చలికి రెండింటికిని ఒకే గింజయా అని నవ్వుకొనువారు కలరు. ద్రవ్యము ఒకటే అయినను తోడు ద్రవ్యములను బట్టి, తయారుచేయు విధానమును బట్టి దాని పని మారును. భావమిశ్రులు ధాన్యకమును కషాయ తిక్త రసములు కలదిగా, ఉష్ణవీర్యముగా, మధుర విపాకముగా, ఆకలి పుట్టించి అన్నము అరిగించునదిగా, మూత్రము సాఫీ చేయునదిగా వర్ణించి, పచ్చిది విశేషించి పిత్తమును హరించునని చెప్పియున్నారు.

విధానము అంటిని గదా, అక్కడనే మన ఇండ్లలో లోపము జరుగుచున్నది. శార్‌ఙ్గధరాచార్యులు స్వరసము, కల్కము, క్వాథము, హిమము, ఫాంటము అని ఐదు కల్పనలను చెప్పిరి. ఏ మందును కాచవలెను, దేనిని నానబెట్టవలెను, దేనిపై వేడినీరు పోసి మూయవలెను అను వివేకమే ఈ విభాగమునకు మూలము. లోపలి తాపమునకు, దప్పికకు ధనియాలను చెప్పినప్పుడు వారు చెప్పినది క్వాథము కాదు, హిమము. రాత్రి చల్లని నీట నానబెట్టి, ఉదయము వడగట్టి, చక్కెర కలిపి త్రాగుమనిరి. లినలూల్ అను పేరు వారికి తెలియదు. ఏది పొయ్యిమీద నిలువదో మాత్రము బాగుగా తెలియును.

నేడు మన ఇండ్లలో జరుగుచున్నదేమి? గుప్పెడు ధనియాలు గిన్నెలో పోసి, మూతలేకుండ అరగంట మరిగింతురు. ఇల్లంతయు ఘుమఘుమలాడును. "ఎంత మంచి కషాయమో" అని సంతోషింతురు. అమ్మా, ఆ ఘుమఘుమ గిన్నెలో నుండి పోయినదే గదా! మందు వంటింటి గాలిలో కలిసినది. మీ గ్లాసులోనికి వచ్చినది మిగిలిన భాగము. నీటి ఆవిరితో పాటు సుగంధ తైలము లేచిపోవునను సూత్రము మీదనే సుగంధ తైలముల బట్టీలన్నియు నడుచుచున్నవి. మన పొయ్యి కూడ ఒక బట్టీయే. దిగిన తైలమును పట్టుకొను పాత్ర మాత్రము లేదు.

ఇచ్చట న్యాయముగా ఎదుటి వాదమును కూడ చెప్పవలెను. శాస్త్రములోనే ధనియాలను కాచు యోగములు లేవా? ఉన్నవి. ధనియాలు, శొంఠి, తుంగముస్తలు, కురువేరు, మారేడు చేర్చిన ధాన్యపంచకము కషాయమే. అజీర్ణముతో కూడిన విరేచనములకు అది ప్రసిద్ధము. అచ్చట మనకు కావలసినది వాసన ఒక్కటే కాదు. కాచినను పోని కషాయ తిక్త రసములు, మారేడు వగరు, శొంఠి దీపనశక్తి కలిసి పనిచేయును. అందుకే ఈ వ్యాసము శీర్షికలో సగము మందే అంటిని గాని మందు కాదనలేదు. ఏ పనికి ఏ సగము కావలెనో తెలిసికొని చేయుటే వైద్యము.

అంగడిలో రంగుకు విలువ

రైతు పండించిన పరిమళము గృహిణి చేతికి వచ్చునా అనునది మరొక ప్రశ్న. ధనియాల వర్తకములో బాదామీ, ఈగిల్, స్కూటర్, పేరట్ అను తరగతులు కలవు. అవి ముఖ్యముగా రంగును బట్టి ఏర్పడినవి. ఆకుపచ్చ నిలిచినకొలది ధర హెచ్చు. వాసనకు తరగతి లేదు. అందుచేత రంగు కొరకు తొందరపడి కోయుట, కొందరు వర్తకులు గంధకపు పొగ పట్టించి రంగు నిలుపుట జరుగుచున్నవి. గింజ కంటికి నవనవలాడును, నలిపినచో అగ్గిపుల్ల వాసన వచ్చును. కొనువారు కంటితో కొన్నంతకాలము అమ్మువారు కంటికే అమ్ముదురు. ఇందులో తప్పు ఒక్క వర్తకునిదే అని నేను అనను.

పొడి సంగతి ఇంకను విచారకరము. గింజకు పైతొడుగు కవచము. దంచినంతనే ఆ కవచము చిట్లి తైలము గాలికి బయటపడును. నెలల తరబడి అంగడి అరలో ఉన్న పొడిలో రుచి కొంత ఉండవచ్చును, మందు ఎంత ఉండునో ముక్కును అడుగుడు. మా ప్రాంతములో వేసవి రాగానే సంవత్సరమునకు సరిపడ సంబారు కారము దంచుకొను ఆచారము కలదు. మిరపకు ఆ ఆచారము తగినదే. కారమునకు కారణమైన కాప్సైసిన్ గాలికి ఎగిరిపోవునది కాదు, ఏడాది నిలుచును. ధనియాలకు ఆ నిలకడ లేదు. కనుక కారము ఏడాదికి దంచుకొనుడు. ధనియాల పొడి మాత్రము పక్షమునకు ఒకసారి కొట్టుకొని చేర్చుకొనుడు. అత్తగారి పద్ధతి చెడదు, మందును దక్కును.

సీసాలోని సుగంధము

ఇట్లు చెప్పగానే, "అయినచో ఆ లినలూల్‌నే కొనుక్కొని వాడరాదా?" అని చదువుకొన్న యువకులు అడుగుచున్నారు. లోకములో సబ్బులకు, అత్తరులకు, బట్టలుతుకు పొడులకు వాడబడు లినలూల్‌లో అధికభాగము దేవదారు జాతి చెట్ల టర్పెంటైనునుండి గాని, పెట్రోలియము సంబంధ ద్రవ్యములనుండి గాని కర్మాగారములలో తయారైనదే. పైగా లినలూల్ రెండు రూపములలో ఉండును. కుడిచేయి, ఎడమచేయి ఒకే కొలత అయినను ఒకదాని తొడుగు మరొకదానికి పట్టనట్లు, ఈ రెండు రూపములు అద్దములో ప్రతిబింబములు. ధనియములో ముఖ్యముగా ఒక రూపము, లావెండరు, రుద్రజడలలో ముఖ్యముగా రెండవ రూపము ఉండును. కర్మాగారపు సరకులో సాధారణముగా రెండును సగము సగము. మన ముక్కు ఈ రెండింటిని వేరువేరుగా గుర్తించును. లావెండరు రూపమును చాల తక్కువ మోతాదులోనే పసిగట్టును. ముక్కుకే భేదము తెలిసినప్పుడు రెండును ఒకటే అని ఎట్లనగలము?

అంతకన్న ముఖ్యమైనది చర్మము మాట. తాజా లినలూల్ చర్మమునకు అంతగా హాని చేయదు. కాని సీసా మూత తీసి పెట్టుచు, గాలి తగిలి, నెలలు గడిచినచో అది ప్రాణవాయువుతో కలిసి హైడ్రోపెరాక్సైడ్లు అను పదార్థములుగా మారును. అవి కొందరి చర్మముపై దురద, దద్దు, ఎర్రదనము పుట్టించునని పరీక్షలలో తేలినది. ఈ జాతి ఎలర్జీల కారణముననే ఐరోపా కూటమి 2003లో చేసిన నిబంధన ప్రకారము, ఒంటిపై నిలుచు లేపనములలో నూటికి 0.001 పాలు, కడిగివేయు సబ్బులలో 0.01 పాలు మించి లినలూల్ ఉన్నచో పెట్టెపై ఆ పేరు ముద్రింపవలెను. ప్రకృతి సిద్ధము అను మాట అభయహస్తము కాదు. ప్రకృతి సిద్ధమైన పాలును విరుగును, నూనెయును చిక్కువాసన పట్టును. పాతబడిన సుగంధ తైలమును పసిపిల్లల ఒంటికి రాయు తల్లులు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. సుగంధ తైలములను వైద్యుని చెప్పుడు లేక లోపలికి ఎన్నడును పుచ్చుకొనరాదు.

ఈ పరిమళమునకు మనస్సును శాంతింపజేయు గుణము కలదను మాటకు ఆధారము లేకపోలేదు. 2018లో జపాను దేశపు కగోషిమా విశ్వవిద్యాలయము వారు చుంచెలుకలకు లినలూల్ వాసన చూపగా వాటి బెదురు తగ్గినది; వాసన తెలియకుండ చేసిన ఎలుకలలో ఆ ఫలితము కనిపింపలేదు. అనగా ఆ పని ముక్కు ద్వారమున జరిగినది. సంతోషింపదగిన విషయమే. కాని ఎలుక బెదురు వేరు, మనిషి దిగులు వేరు. ఒక పరీక్షను పట్టుకొని నిద్రమాత్రలు మానుమని చెప్పు ప్రకటనలను నమ్మరాదు.

అతిగా చెప్పుటయు అపచారమే

ఇప్పుడు నాకు మిక్కిలి ఆవేదన కలిగించు విషయమునకు వచ్చుచున్నాను. ధనియాల నీరు త్రాగినచో థైరాయిడ్ జబ్బు కుదురునని, మాత్రలు మానివేయవచ్చునని ఒక మాట సెల్‌ఫోనులలో ఇల్లిల్లు తిరుగుచున్నది. మా వైద్యశాలకు వచ్చిన ఒక గృహిణి మూడు నెలలుగా మాత్ర మాని, ప్రతి ఉదయము ధనియాల నీరు త్రాగుచుండెను. ముఖము ఉబ్బి, గొంతు బొంగురుపోయి, నాలుగు మెట్లు ఎక్కలేని స్థితిలో వచ్చినది. "ఆయుర్వేదమే గదండీ, హాని ఏముంటుంది?" అని ఆమె అడిగిన మాట నన్ను కలచివేసినది. ఆమెను రక్తపరీక్షకు పంపి, వైద్యుని చూపించి మాత్ర తిరిగి మొదలుపెట్టించితిని.

గ్రంథి తయారుచేయవలసిన ద్రవ్యము తయారు కానప్పుడు దానిని బయటనుండి ఇవ్వవలసినదే. ధనియములో ఆ ద్రవ్యము లేదు. దప్పికకు, దాహమునకు, అజీర్ణమునకు శాస్త్రము చెప్పిన గింజను తీసికొని శాస్త్రము చెప్పని జబ్బుకు ముడివేయుట ఆయుర్వేదము కాదు. గర్భవతి ఆ మాత్ర మానినచో కడుపులోని శిశువు మెదడు ఎదుగుదలకే ముప్పు. మధుమేహ రోగులకు చెప్పబడు "ధనియాలతో చక్కెర మాయము" అను మాటయు ఇట్టిదే. హాని ధనియము చేయుట లేదు. మానిన మాత్ర చేయుచున్నది. ఆ నింద మాత్రము చివరకు శాస్త్రము నెత్తిన పడుచున్నది.

ఇంట పాటింపవలసినవి

కొనునప్పుడు నాలుగు గింజలు అరచేతిలో వేసి బొటనవ్రేలితో గట్టిగా నలిపి వాసన చూడుడు. తియ్యని, కొంచెము నారింజ తొక్కను పోలిన పరిమళము వచ్చినచో మంచిది. నల్లి వాసన వచ్చినచో పచ్చిమీద కోసినది. అగ్గిపుల్ల వాసన వచ్చినచో పొగ పట్టినది. బూజు వాసన వచ్చినచో చెమ్మ తగిలినది. ఏ వాసనయు లేనిచో అది పేరుకే ధనియము.

గింజలను గింజలుగానే, గట్టి మూత గల గాజు లేక స్టీలు డబ్బాలో, పొయ్యికి, ఎండకు దూరముగా ఉంచుడు. చారుకు, కూరకు అవసరమైనంత అప్పటికప్పుడు దంచుకొనుడు. వేయించవలసివచ్చినచో సన్నని సెగపై గోరువెచ్చన కాగానే దింపుడు. మాడువాసన వచ్చుదాక ఉంచరాదు.

హిమము చేయు విధము: 10 గ్రాముల ధనియాలను కచ్చాపచ్చాగా దంచి, కాచి చల్లార్చిన 60 మిల్లీలీటర్ల నీటిలో రాత్రి వేసి మూత పెట్టుడు. ఉదయము పిండి వడగట్టి, కొంచెము పటికబెల్లము కలిపి పరగడుపున త్రాగవలెను. రోహిణికార్తె ఎండలలో ఒళ్ళు మంటకు, దప్పికకు, మూత్రము చురుక్కుమనుటకు మూడు, నాలుగు దినములు వాడవచ్చును. మధుమేహులు పటికబెల్లము మానవలెను. భోజనానంతరము కడుపు బరువునకు ఫాంటము మేలు. 10 గ్రాముల దంచిన ధనియాలపై 40 మిల్లీలీటర్ల మరిగిన నీరు పోసి, వెంటనే మూతపెట్టి, గోరువెచ్చనైన తరువాత వడగట్టి త్రాగవలెను.

జీలకర్ర, వాము, సోపు ఇవన్నియు ధనియాల కుటుంబమువే. వీటిలో ఏ ఒక్కటి పడనివారైనను ధనియాల మందు వాడక ముందు వైద్యునితో చెప్పవలెను. రక్తపోటుకు, మధుమేహమునకు మాత్రలు వేసికొనువారు, గర్భిణులు దినచర్యగా పెట్టుకొనరాదు. వీరికి వంటలో వాడుకకు అభ్యంతరము లేదు. మూత్రములో మంటతోపాటు జ్వరము, చలి, రక్తము ఉన్నచో ఇంటివైద్యము ఆపి వైద్యుని చూడవలెను. వడదెబ్బ తగిలి స్పృహ తప్పినవారికి హిమము కొరకు కాలయాపన చేయక, ఒళ్ళు తడిపి చల్లబరచుచు ఆసుపత్రికి చేర్పవలెను.

చివరి మాట

మన పత్రికలలో "ఈ జబ్బుకు ఈ గింజ" అని వ్రాయుట సులభము. ఏ గింజ, ఎప్పటి గింజ, ఎట్లు తయారుచేసినది, ఎన్ని దినములు, ఎవరికి వద్దు అని వ్రాయుట కష్టము. మేము వైద్యులము ఆ కష్టము పడవలెను. గృహిణులు కంటితోపాటు ముక్కుతో కూడ సరకు కొనవలెను. నలిపి చూచి కొనువారు పదిమంది అయిన నాడు వర్తకుడు పొగ మానును. వాసనకు ధర పలికిన నాడు మా నల్లరేగడి రైతు గింజను పండనిచ్చి కోయును.

గింజకు శక్తి ఉన్నది, దానికి హద్దు ఉన్నది. శక్తిని పోగొట్టకుండ, హద్దును దాటకుండ వాడుకొనువారికి ధనియము నిజముగా ధనమే.